సంతకం అడగని కౌలుదారు

డెల్టాలో కౌలు మీద సర్వేలు తప్పటడుగు వేసేది మొదటి ప్రశ్నలోనే. "కౌలు కార్డుందా?" అని అడుగుతారు. కౌలుదారు లేదంటాడు. "ఎందుకు తీసుకోలేదు?" అంటే "అవసరం పళ్లేదండి" అంటాడు. "ఆసక్తి లేదు" గడిలో టిక్కు పడుతుంది. ఆ టిక్కుతోనే అసలు సంగతి పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కింద కౌలుదారుకి ఇచ్చిన రుణ అర్హత కార్డుకి భూయజమాని సంతకం అక్కర్లేదు. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కుపత్రానికి కావాలి. ఒప్పందం 11 నెలలే. యజమాని ఎందుకు వెనకాడతాడు? 1956 కౌలు చట్టం నాటి నుంచి ఉన్న భయం ఒకటి, సాగు కాగితం మీదికెక్కితే భూమి చేజారుతుందని. రెండోది మరీ మామూలుది: ఆ పాసుపుస్తకం మీద బ్యాంకులో పంట రుణం ఆయన ఎప్పుడో తీసేసుకుని ఉంటాడు.

అందుకే కార్డు ఊసు చివరికి ఉంచాలి. ముందు సార్వా మక్తా (కౌలు కింద కొలిచే ధాన్యం) ఎకరానికెన్ని బస్తాలు, దాళ్వాకి వేరేనా, ఎప్పుడు కొలవాలి, ఎరువుల అప్పు ఎవరి దగ్గర, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) ఎవరి పేరు, ధాన్యం సొమ్ము ఎవరి ఖాతాలో పడింది, ఇవి అడగాలి. బస్తా అంటే 75 కిలోలే అనుకుని ఊరుకోకుండా తూకం వేరే గడిలో రాసుకోవాలి. ఆ తర్వాత సంతకం మాట. దానికి ఒక గడి చాలదు, మూడుండాలి: అడిగితే కాదన్నారు, అడగాలనుకుని ఆగిపోయాను, అడగాలన్న ఆలోచనే రాలేదు. 1974లో సామాజిక శాస్త్రవేత్త స్టీవెన్ ల్యూక్స్ అధికారానికి మూడు ముఖాలున్నాయన్నది దాదాపు ఈ తేడాల గురించే. మన సర్వేల్లో దొరికేది మొదటిదొక్కటే. అయితే మూడో గడి నిండిందని గంతెయ్యకూడదు. భూమి సొంత మేనమామదైతే ఆలోచన రాకపోవడంలో వింతేముంది? బంధుత్వం గురించి కూడా అడిగి, అలాంటి కౌళ్లను విడిగా లెక్కెయ్యాలి.

నీటి సంఘాలదీ ఇదే కథ. వాటిని తెచ్చిన 1997 చట్టం కౌలుదారుని మర్చిపోలేదు, హక్కుల రికార్డులో కౌలుదారుగా నమోదై ఉంటే సభ్యుడే అంది. నోటిమాట కౌలు ఏ రికార్డుకీ ఎక్కదు. శివారు చేలో నీళ్లందక తూము దగ్గర రాత్రి కాపలా కాసేది ఒకరు, సంఘంలో ఓటు ఇంకొకరిది. కాబట్టి చట్టం చదివి "కౌలుదారులకు చోటిచ్చారు" అని రాసేసే ముందు సభ్యుల జాబితానీ ఈ-క్రాప్ జాబితానీ పక్కపక్కన పెట్టుకోండి. ఈ-క్రాప్ కూడా యజమాని పేరునే ఉండొచ్చు. చేలో ఎవరున్నారో చూస్తే గానీ తేలదు.

మాట్లాడే చోటు పొలం గట్టు. యజమాని అరుగు మీద కాదు, నలుగురు కూర్చునే టీ కొట్టు అసలే కాదు. వేసవిలో కాలవలు కట్టేశాక వచ్చే ఏడాది కౌలు మాటలు నడుస్తుంటాయి, ఆ రోజుల్లో వెళ్లొద్దు, నాట్లయ్యాక వెళ్లండి. భార్యని విడిగా అడగండి, అప్పుల లెక్క చాలాసార్లు ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఇక సర్వేకి ఒప్పుకున్నట్టు రాయించుకునే సమ్మతి పత్రం. సంతకమంటేనే బెదిరే మనిషి ముందుకి తెల్లకాగితం, పెన్నూ జరపడం పరిశోధనలకి అనుమతిచ్చే ఏ నీతి సంఘం ఒప్పుకున్నా నాకు సమ్మతం కాదు. చదివి వినిపించి, నోటిమాటగా ఒప్పుకున్నాడని జట్టులో ఇంకొకరు సాక్షిగా రాస్తే సరిపోతుంది. సర్వే నంబరు రాసుకోవద్దు, ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో కొడితే యజమాని పేరు నిమిషంలో వచ్చేస్తుంది. "4 ఎకరాల 20 సెంట్లు, శివారు, ఇద్దరు ఆడపిల్లలు" అని అచ్చేస్తే పేరు దాచినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. "3 నుంచి 5 ఎకరాలు" అనండి చాలు. పట్టికలో ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న గడి అంకె అచ్చు వెయ్యొద్దు.

మరుసటి సార్వాకి మళ్లీ వెళ్లి, ఆ చేలో ఆ మనిషే ఉన్నాడో లేదో చూడండి. మారితే కారణాల వరసలో "మా సర్వే" అని ఒక గడి కూడా ఉండాలి.