నాలుగు తలుపుల షెవీ, సన్యాసి గోచీ

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకున్నాడు. పిల్లికి పాల కోసం ఆవు, ఆవును చూసుకోడానికి మనిషి, చివరికి సంసారం. చిన్నప్పుడు ఈ కథ విని నవ్వుకున్నాను. 2021 మార్చిలో 3,200 డాలర్లు పెట్టి 1950 మోడల్ షెవర్లే (ముద్దుగా షెవీ) స్టైల్‌లైన్ సెడాన్ కొన్న రోజు మాత్రం అది గుర్తు రాలేదు. నేను మార్చాలనుకున్నది ఇంజిన్ ఒక్కటే.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు అంబాసిడర్లు బాగుచేశారు. సెలవుల్లో ఆయన షెడ్డులో స్పానర్లు అందించడం, ప్లగ్గులు గీకి శుభ్రం చెయ్యడం, అంతవరకే నా చదువు. కానీ ఇక్కడ ఏటా జూలైలో గుడ్‌గైస్ అనే సంస్థ వాళ్ల హాట్ రాడ్ కార్ల షో జరుగుతుంది. నాలుగేళ్లు వరసగా వెళ్లి చూసేసరికి నాకూ పురుగు కుట్టింది.

హాట్ రాడ్ అంటే పాత కారును షోరూం నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చెయ్యడం కాదు. పాత బాడీలో బలమైన ఇంజిన్ దించి, అనవసరమైనవి పీకేసి, బండిని నేలకి దగ్గరగా కూర్చోబెట్టడం. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పాత ఫోర్డులతో పందేలు వేసుకునేవారు. 1932లో ఫోర్డు కంపెనీ మామూలు మనిషి కొనగలిగిన ధరలో వి8 ఇంజిన్ (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో ఉండేది) తేవడంతో వాళ్ల పంట పండింది. ఆ లోకంలో విలువంతా రెండు తలుపుల కార్లకీ, టాపు లేని రోడ్‌స్టర్లకీ. నాలుగు తలుపులుంటే ‘మోర్‌డోర్’ అని వెక్కిరిస్తారు. నాకు అంత చవగ్గా దొరికింది అందుకే. ఇద్దరు పిల్లలున్నవాడికి అదనపు తలుపులు లోపం ఎలా అవుతాయో నాకిప్పటికీ అర్థం కాదు.

కాగితాల పని నోటరీ దగ్గర పావుగంటలో అయిపోయింది. అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది.

బండి నడుస్తూనే ఉంది. 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, కొత్తలో 92 హార్స్‌పవర్. వీడియో కాల్‌లో దాని చప్పుడు విని నాన్న మురిసిపోయారు. తీసేస్తున్నానని చెప్పగానే, “చక్కగా తిరిగే ఇంజిన్ని ఎవడైనా పీకుతాడట్రా?” అని ఫోన్ అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయారు.

తుక్కు యార్డులో 1978 నాటి షెవీ పికప్ ఒకటి దొరికింది. అందులోని 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిన్, దానికి తగిలించి ఉన్న టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, రెండూ కలిపి 600 డాలర్లు. గోచీ కథ ఇక్కడ మొదలైంది. ఈ షెవర్లేలో డ్రైవ్‌షాఫ్ట్ బయటికి కనిపించదు. టార్క్ ట్యూబ్ అనే గొట్టంలో ఉంటుంది, ఆ గొట్టం నేరుగా గేర్‌బాక్స్‌కి బిగించి ఉంటుంది. కొత్త గేర్‌బాక్స్‌కి అది పనికిరాదు కాబట్టి వెనక యాక్సిల్ మొత్తం మార్చాలి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ వెడల్పు బాగా సరిపోతుంది, పైగా డిస్క్ బ్రేకులతో వస్తుంది, అది తెచ్చాను. దాని వీల్ బోల్టుల కొలత వేరు, ముందు చక్రాలది వేరు. అంటే రెండు రకాల స్టెపినీలు మోయాలి! ముందువైపు చూస్తే, స్టీరింగ్ బాక్స్ ఉన్నచోటే వి8 ఎడమ పక్క సైలెన్సర్ గొట్టాలు దిగాలి. దాంతో ముందు సస్పెన్షన్ కూడా తీసేసి, హాట్ రాడ్ వాళ్లంతా వాడే మస్టాంగ్ 2 రకం తెప్పించాను. దాని బోల్టుల కొలత ఎక్స్‌ప్లోరర్‌తో కలుస్తుంది, ఆ రోజు కాస్త ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత బ్రేకులు. పాత మాస్టర్ సిలిండర్ది ఒకటే లైను, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. అది తీసేసి ముందుకీ వెనక్కీ వేర్వేరుగా ఉండేది పెట్టాను. కరెంటు 6 వోల్టులు, దాన్ని 12కి మార్చాలి. వైపర్లు ఇంజిన్ వాక్యూమ్‌తో ఆడేవి, ఎత్తు ఎక్కేటప్పుడు అవి కూడా ఆయాసపడేవి. వాటికీ మోటారు పెట్టాలి.

ఖర్చు రాసుకోవడం 17,000 డాలర్ల దగ్గర ఆపేశాను. మా ఆవిడ మాత్రం ఆపినట్టు లేదు.

తుప్పు సంగతి చెప్పకపోతే ఒహాయో బండి గురించి చెప్పినట్టే కాదు. చలికాలంలో మంచు కరగడానికి ఇక్కడ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. సీట్లు తీసి కార్పెట్ లేపితే కింద గ్యారేజీ నేల కనిపించింది. సీటు స్ప్రింగుల్లో ఎలుకలు కాపురం పెట్టి చాలా తరాలు గడిపినట్టున్నాయి (సన్యాసి ఎలుకలే అయ్యుంటాయి). సెకండ్‌హ్యాండ్ మిగ్ వెల్డింగ్ మెషిన్ కొని, వీడియోలు చూసి నేర్చుకున్నాను. పల్చటి రేకుని ఒకే గీతలా అతికించకూడదు. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చల్లారాక మళ్లీ మధ్యలో ఒకటి. ఈ ఓపిక లేక నేను వేసిన మొదటి ముక్క నూనెలో వేసిన అప్పడంలా వంకర్లు పోయింది. కోసి పారేశాను. మూడోసారికి కుదిరింది.

పెద్ద తప్పు వేరే చేశాను. తలుపుల కింద ఉండే పొడుగాటి రేకు పెట్టె కూడా పుచ్చిపోయింది. దాన్ని కోసే ముందు తలుపుల సందుల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి బాడీని పట్టి ఉంచాలి. నేను అవి పెట్టకుండానే కోసేశాను. మర్నాడు చూస్తే ఎడమ వెనక తలుపు మూసుకోవడం లేదు. బాడీ పావు అంగుళం కుంగింది. నాలుగు తలుపుల బండికి గోడలు తక్కువ, ఖాళీలు ఎక్కువ, అందుకే త్వరగా ఒంగుతుందట. మా వీధిలో రిటైరైన మెషినిస్టు ఒకాయన ఉన్నారు. ఆయన వచ్చి చూసి ఏమీ అనలేదు, ఇంటికెళ్లి రెండు జాకీలు తెచ్చారు. సగం సగం చుట్టు చొప్పున లేపుతూ, ప్రతిసారీ తలుపు వేసి చూస్తూ, మొత్తం ఒక ఆదివారం పట్టింది. చాసిస్‌కి ముందు సస్పెన్షన్ వెల్డింగ్ మాత్రం లైసెన్సున్న మనిషికి అప్పగించాను. నేల రేకు ఊడితే కాలికి గాలి తగులుతుంది, ఇది ఊడితే చక్రం పోతుంది.

ఇంజిన్ బోరింగుకి ఇచ్చిన షాపు ఆరు వారాలన్నది ఏడు నెలలు చేసింది. ఆ గొడవ వదిలేద్దాం.

2023 అక్టోబరు, శనివారం రాత్రి తొమ్మిది. మొదటిసారి స్టార్ట్ చెయ్యాలి. ఇలాంటి పాతకాలపు ఇంజిన్‌కి కొత్త క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) వేస్తే ఒక గండం ఉంది. క్యామ్ మీద పూసిన పేస్టు మీదే దాని ప్రాణం. ఊరికే సెల్ఫ్ కొడుతూ ఉంటే అది తుడుచుకుపోయి క్యామ్ అరిగిపోతుంది. వెంటనే అందుకోవాలి, అందుకున్నాక ఐడిలింగ్‌కి దిగనీకుండా నిమిషానికి 2,000 చుట్ల పైన ఇరవై నిమిషాలు తిప్పాలి. నేను నాలుగుసార్లు కొట్టాను. అందుకోలేదు. ఐదోసారి కార్బురేటర్‌లోంచి ఠప్పుమని జానెడు మంట లేచింది. గుండె జారిపోయింది.

విజయవాడలో అప్పుడు ఆదివారం ఉదయం ఆరున్నర. నాన్న కాఫీ తాగుతూ ఫోన్ ఎత్తారు. ఇంకోసారి కొట్టి వినిపించబోయాను.

“సెల్ఫ్ ఆపరా ముందు! నంబర్ వన్ ప్లగ్గు విప్పు. కన్నం మీద వేలు పెట్టి, ఇంజిన్ని చేత్తో తిప్పు.”

ముందున్న బోల్టుకి రాట్చెట్ తగిలించి మెల్లగా తిప్పాను. ముందు పుల్లీ మీది గుర్తు సున్నా మీదికి వచ్చింది. వేలికి గాలి తగల్లేదు.

“తగల్లేదా? ఇంకో పూర్తి చుట్టు తిప్పు.”

ఈసారి ఫుస్సుమని వేలిని తోసేసింది. పిస్టన్ పైకి రావడం నాలుగు స్ట్రోకుల్లో రెండుసార్లు జరుగుతుంది, ఒకటి కంప్రెషన్‌కి, ఒకటి పొగ బయటికి పంపడానికి. నేను రెండోదాన్ని పట్టుకుని టైమింగ్ పెట్టాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా సగం చుట్టు తేడాలో కూర్చుంది. కింద ఆయిల్ పంపు షాఫ్ట్‌లోకి అది ఎటు తిప్పినా దిగుతుంది కాబట్టి అనుమానం రాలేదు.

“అంబాసిడర్‌కీ ఇంతే. కొత్త కుర్రాళ్లు అందరూ ఒకసారి చేస్తారు. నువ్వు కాస్త లేటు,” అన్నారు.

డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి సగం చుట్టు తిప్పి దించాను. కీ తిప్పగానే అందుకుంది. సైలెన్సర్లు ఇంకా బిగించలేదు. గ్యారేజీ తలుపులు అదిరాయి, కొత్త గొట్టాల మీద పెయింటు కాలి కళ్లు మండాయి. పన్నెండో నిమిషంలో ఎదురింటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అరుస్తారనుకుంటే చేతిలో ఫ్లాష్‌లైట్‌తో రేడియేటర్ కింద కారుతున్న చోటు చూపించారు. హోస్ క్లిప్పు బిగించడం మర్చిపోయాను. ఆయన వెలుగు చూపిస్తుంటే నడుస్తున్న ఇంజిన్ మీదే బిగించాను. తెలివైన పని కాదని తెలుసు, కానీ ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

2024 మేలో రోడ్డెక్కింది. పెయింటు వెయ్యలేదు, పాత ఆకుపచ్చ రంగు మీద అక్కడక్కడా గ్రే ప్రైమర్ మచ్చలు. గేర్‌బాక్స్ విషయంలో ఇప్పుడైతే వేరేలా చేస్తాను. చవగ్గా వచ్చిందని ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ని నెమ్మదిగా తిరగనిచ్చే పై గేరు) లేనిది పెట్టాను, హైవే మీద 65 మైళ్ల వేగంలో ఇంజిన్ 3,000 మీద అరుస్తూ ఉంటుంది. పిల్లలు వెనక సీట్లో చెవులు మూసుకుని నవ్వుతారు. మూసుకోనని మొరాయించిన ఆ ఎడమ తలుపు మా చిన్నదాని వైపుది. ఇప్పటికీ రెండోసారి గట్టిగా వేస్తేనే పడుతుంది, తను అది బాగా నేర్చుకుంది.

బండి రోడ్డెక్కిన రోజు రాత్రి నాన్నకి వీడియో పంపాను. రెండుసార్లు చూశారట. ఫోన్ చేసి మైలేజీ ఎంతని అడిగారు. గాలనుకి 13 మైళ్లు, మన లెక్కలో లీటరుకి ఐదున్నర కిలోమీటర్లు అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఆ పాత ఇంజిన్ అమ్మేశావా, ఉంచావా?” అన్నారు.

ఉంచాను. గ్యారేజీలో మూల, దుప్పటి కప్పి ఉంది.