ప్యానెల్ ఆన్ చేసే ముందు ఒక ప్రశ్న

క్లాసులో ప్యానెల్, అంటే పెద్ద టచ్ స్క్రీన్ ఉంటే చాలు, పిల్లలకి పాఠం అర్థమైపోతుందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. వీడియో పెట్టి పక్కన నిలబడితే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు, అంతే.

పదో తరగతికి విద్యుత్ ప్రవాహం చెప్పేటప్పుడు నేను ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలు వాడతాను. కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ అనే నోబెల్ భౌతిక శాస్త్రవేత్త 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది, పూర్తిగా ఉచితం, పైగా డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది (మన పల్లెటూరి స్కూళ్లకి ఇదే అసలు వరం). అందులో సర్క్యూట్ కిట్ తెరిచి రెండు బల్బుల్ని శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి కలిపి, "ఒకటి తీసేస్తే రెండోది ఏమవుతుంది?" అని అడిగి, అందరూ నోట్సులో జవాబు రాసేదాకా స్క్రీన్ ముట్టుకోను. సగం మంది ఇంకా ఎక్కువ వెలుగుతుందని రాస్తారు. తీసేయగానే ఎలక్ట్రాన్లు ఆగిపోయి రెండోదీ ఆరిపోతుంది, అప్పుడు మొదలవుతుంది చూడండి గోల, ఎందుకు ఎందుకు అని! ఆ గోల కోసమే ఇదంతా. తర్వాత సమాంతరంగా, అంటే ఒక్కో బల్బుకి వేరే దారి ఉండేలా కలపడం వాళ్లే వచ్చి చేస్తారు.

అయితే అక్కడితో ఆపకండి. నిజం బ్యాటరీ, వైరు, టార్చి బల్బు చేతికివ్వండి. వైరు సరిగ్గా తగలకపోతే బల్బు వెలగదన్న సంగతి ఏ స్క్రీనూ నేర్పదు.