సెలైన్ సెట్‌తో రెసిన్ ప్రింటర్

సెలైన్ సెట్ ఒకటి కావాలంటే, మెడికల్ షాపు నడిపే మా బావమరిది కంగారు పడ్డాడు. “ఎవరికి బావా, ఏమైంది?” అన్నాడు. ప్రింటర్‌కి అని చెప్తే కాసేపు నా ముఖమే చూశాడు.

నేను చేస్తున్నది కాగితం మీద అచ్చువేసే ప్రింటర్ కాదు, రెసిన్ అనే ద్రవంతో వస్తువులు తయారుచేసే 3డీ ప్రింటర్. ఇలాంటి లేజర్ రెసిన్ ప్రింటర్‌లో 405 నానోమీటర్ల ఊదారంగు కాంతి తగిలిన చోట రెసిన్ గట్టిపడుతుంది, తగలని చోట ద్రవంగానే ఉంటుంది. ఒక పొర గీయడం, దాని మీద ఇంకోటి గీయడం, అంతే పని. అమెరికా ఇంజనీరు చక్ హల్‌కి 1986లో పేటెంటు వచ్చింది ఈ పద్ధతికే. అయితే ప్రతి పొరకీ ఎత్తు కచ్చితంగా మారాలి. స్క్రూ రాడ్డు, మోటారు, బేరింగులు అంటూ డబ్బంతా పోయేది అక్కడే. వాటి బదులు నేను ఉప్పునీళ్లు పెట్టాను. ఆలోచన నాది కాదు, 2013లో కెనడాలో పీచీ ప్రింటర్ అనే చవక 3డీ ప్రింటర్ చేసినవాళ్లు చూపించిందే.

రెసిన్ మామూలు నీళ్లలో మునుగుతుంది. కల్లుప్పు ఇక కరగనంత కలిపితే నీటి సాంద్రత 1.2 దాకా వెళ్తుంది, అప్పుడు రెసిన్ పైన తేలుతుంది. గుడ్డలో వడకట్టడం మరవకండి, కల్లుప్పులో ఇసుక ఉంటుంది. ఈ ఉప్పునీటిని సెలైన్ సెట్‌లోంచి వదిలి, గొట్టం కొస రెసిన్ ఉన్న డబ్బా అడుగున పెడితే, చుక్క పడిన కొద్దీ రెసిన్ మట్టం లేస్తుంది. వస్తువు మాత్రం అడుగున బిగించిన చోటే ఉంటుంది.

ఇక లెక్క చూడండి. నా డబ్బా లోపల పది సెంటీమీటర్లు పొడవు, పది వెడల్పు. ఒక మిల్లీలీటరు పడితే మట్టం 0.1 మిల్లీమీటరు లేస్తుంది. మామూలు సెట్‌లో మిల్లీలీటరుకి 20 చుక్కలు, అంటే చుక్కకి 5 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్)! ఉప్పునీటి చుక్క సైజు కాస్త మారుతుంది కాబట్టి సిరంజితో కొలిచి సరిచేసుకోవాలి. చుక్కలు లెక్కపెట్టడానికి, సెట్‌లో చుక్కలు పడే చాంబర్‌కి ఒక పక్క ఐఆర్ ఎల్‌ఈడీ (కంటికి కనపడని కాంతినిచ్చే చిన్న దీపం), ఎదురుగా సెన్సర్, వెనక ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు.

లేజర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీలో పాత బ్లూరే రైటర్ దొరికింది. డీవీడీ రైటర్‌ది ఎర్ర లేజర్, దానికి ఈ రెసిన్ కదలదు. రెండు చిన్న స్పీకర్లకి అద్దం ముక్కలు అంటిస్తే కిరణం అటూ ఇటూ తిరుగుతుంది. మామూలు అద్దం వద్దు, కిరణం గాజు మీద ఒకసారి, వెనక పూత మీద ఒకసారి తగిలి వెనక్కొస్తుంది, దాంతో రెండు కాంతి చుక్కలు పడతాయి. పాత హార్డ్‌డిస్క్ ప్లేటు ముక్క బాగా పనికొచ్చింది.

ప్రింట్ అయ్యేంతసేపూ సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, గాలికి రెసిన్ మీద అలలు వస్తాయి. మే నెలలో ఇది చిన్న శిక్ష కాదు. బ్లూరే లేజర్ కంటికి చాలా ప్రమాదం. ఆ కాంతిని ఆపే నారింజరంగు కళ్లద్దాలు లేకుండా, మూత తీస్తే లేజర్ ఆగిపోయే స్విచ్ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. మిగిలిన రెసిన్ సింకులో పోయకుండా ఎండలో పెట్టి గట్టిపడ్డాక పారేయండి.

చిన్న ఎల్‌సీడీ రెసిన్ ప్రింటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి, నీట్‌గా ప్రింట్ చేస్తాయి. వస్తువులే కావాలంటే అదే కొనుక్కోండి. నా దాంట్లో వచ్చిన చతురస్రానికి మూలలు ఇంకా బయటికి సాగుతున్నాయి, ఈ ఆదివారం గ్రాఫ్ కాగితం పెట్టి వాటి సంగతి చూడాలి.