బన్యూల్స్ పక్కన ఏం పెట్టాలి

ఫ్రాన్స్‌లోని కొలియూర్‌లో సముద్రం ఒడ్డున ఒక రెస్టారెంట్‌లో నాకిది నాలుగో సీజన్. మాది యానాం. మొదటి ఏడాది గిన్నెలు తోమాను. రెండో ఏడాది వడ్డనలోకి పంపారు, టెన్షన్ అక్కడ మొదలైంది. ఫ్రెంచి వచ్చినా, "దీంతో ఏ వైన్ బాగుంటుంది?" అని ఎవరైనా అడిగితే గొంతు ఎండిపోయేది.

ఇక్కడివాళ్లు ప్రాణంలా చూసుకునే తీపి వైన్ బన్యూల్స్. స్పెయిన్ సరిహద్దు దగ్గరి నాలుగు ఊళ్లలోనే దీని తోటలు ఉన్నాయి: బన్యూల్స్, కొలియూర్, పోర్ వాండ్ర్, సెర్బేర్. ఆ పేరుకు 1936 నుంచి చట్టరక్షణ ఉంది. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష నుంచే తీసిన, 96 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ కలుపుతారు. దాంతో పులియడం ఆగిపోయి, పండులోని తీపి కొంత అలాగే నిలిచిపోతుంది.

ఒక సెప్టెంబరులో సెలవు పెట్టి కోతకు వెళ్లాను. పలకరాయి కొండల మీద మెట్లు మెట్లుగా తోటలు. యంత్రాలు ఎక్కవు, అంతా చేతి పనే. గ్రెనాష్ రకం ద్రాక్ష తీగలు పొట్టిగా ఉంటాయి, రోజంతా వంగే కోయాలి. వానకు మట్టి కొట్టుకుపోకుండా కోడికాలు ఆకారంలో రాతి కాలువలు కట్టారు. ఆ రోజు తర్వాత గ్లాసులో ఒక గుక్క మిగిలినా పారబోయడానికి నాకు మనసొప్పదు.

బన్యూల్స్‌లో కొన్ని రకాలను పెద్ద గాజు జాడీల్లో పోసి ఆరుబయట ఎండకే వదిలేస్తారు. అది చూడగానే మేడ మీద అమ్మ ఆరబెట్టే మాగాయ ముక్కలు గుర్తొచ్చాయి. ఎండకీ చలికీ ఎరుపు తగ్గి ఇటుక రంగు తిరుగుతుంది. కాఫీ, వాల్‌నట్, ఎండు రేగు వాసన వస్తుంది.

వడ్డనలో నా మొదటి తప్పు ఇప్పటికీ మర్చిపోలేదు. స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమ్ తీసుకున్న జంటకు బన్యూల్స్ చెప్పాను. ఇద్దరూ ఒక్కో గుక్క తాగి గ్లాసులు పక్కన పెట్టేశారు. మా పెద్ద వెయిటర్ కోప్పడలేదు. రాత్రి పని అయ్యాక నన్ను కూర్చోబెట్టి, "ముందు ఐస్‌క్రీమ్ తిను, తర్వాత తాగు" అన్నారు. వైన్ పుల్లగా, పలచగా అనిపించింది. "తినేదాని తీపి వైన్ తీపిని మించకూడదు. పైగా చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది" అన్నారు. తర్వాత 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ ముక్క ఇచ్చారు. మామూలు ఎర్ర వైన్‌ను ఆ చేదు చప్పగా చేసేస్తుంది. బన్యూల్స్‌కు మాత్రం తట్టుకునే తీపి ఉంది. రెండూ కలిసి నోట్లో చాలాసేపు నిలిచాయి.

అందరూ చాక్లెట్ జోడీనే పొగుడుతారు. నాకు మాత్రం రోక్‌ఫోర్ చీజ్ ఇంకా ఇష్టం. ఆ ఉప్పదనం మీద ఈ తీపి పడితే మా గోదావరి వైపు పులుసులో బెల్లం ముక్క వేసినట్టే ఉంటుంది. అంజీర పండ్లతో వండిన బాతు మాంసమూ అంతే. బెల్లం వేసిన పులుసు తిని పెరిగినవాణ్ణి, ఆ రుచి నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కిందటి సంక్రాంతికి అమ్మ పూతరేకులు, మోరి జీడిపప్పు పంపింది. పూతరేకులతో వైన్ పాడైపోయింది, మొదటి ముక్కకే ఆపేశాను. జీడిపప్పును ఉప్పు, మిరియాలతో వేయించి పెడితే మా పెద్ద వెయిటర్ గిన్నె ఖాళీ చేసి, "ఇది మెనూలో పెట్టాలి" అన్నారు.

ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను.

"ఏరా, అయితే ఈసారి పూతరేకులు వద్దా?"

"అవి నాకు పంపమ్మా. జీడిపప్పు మాత్రం రెండు కేజీలు పంపు, పచ్చిదే. ఇక్కడ నేను వేయించుకుంటాను."