చిన్నదాని నోట్సూ, మాల్డన్ యుద్ధమూ

పదకొండు దాటింది. ఆయన పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర వచ్చేలా లేదు, ఇక్కడ రాసేస్తే కాస్త దిగుతుందని కూర్చున్నాను.

చిన్నది నెట్ పరీక్షకి చదువుతున్న కోచింగ్ నోట్సు సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద వదిలేసి వెళ్ళింది. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఊరికే పేజీలు తిప్పాను. 'ఆంగ్లో-శాక్సన్ వీరకావ్యం' అని శీర్షిక, అంటే వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషు యుద్ధ పద్యాలు. కింద విలువలు: విధేయత, ధైర్యం, కీర్తి, పగ. ఆ కింద భాష: అనుప్రాస, కెన్నింగులు (ఒక వస్తువుని డొంకతిరుగుడుగా చెప్పే జంట మాటలు), పునరుక్తి. కెన్నింగులకి సముద్రానికి 'తిమింగలాల దారి', శరీరానికి 'ఎముకల ఇల్లు' అని ఉదాహరణలు. బియోవుల్ఫ్‌కి రెండు పేజీలిచ్చి, 'మాల్డన్ యుద్ధం' అనే పద్యం దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక్క వాక్యం రాశారు: నాయకుడి అహంకారం వల్ల ఓడిపోయారు. దాని చుట్టూ గడి గీసి పక్కన 'ముఖ్యం' అని పెట్టారు.

అప్పట్నించీ ఒళ్ళు మండుతూనే ఉంది. అన్నాల దగ్గర కూడా అదే ఎత్తాను. "అమ్మా, దాని మీద ఒక్క ప్రశ్న కూడా రాదు, వదిలెయ్" అంది చిన్నది. దాని తొందర దానిది, దాన్ని ఏమీ అనను. నా కోపం ఆ గడి గీసిన వాళ్ళ మీద. 991 ఆగస్టులో ఇంగ్లండులోని మాల్డన్ దగ్గర, సముద్రం మీద దోపిడీకొచ్చిన వైకింగులతో పోరాడి చచ్చిపోయిన మనుషుల్ని కవి పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరి నోటా మాట పలికించాడు. వీళ్ళు అందర్నీ కలిపి ఒక్క వాక్యం కింద పాతిపెట్టారు. 'పునరుక్తి' అట! యుద్ధం మొదలవబోతుంటే కాకోలాలు పైన తిరుగుతాయి, గద్ద శవాల కోసం ఎదురుచూస్తుంది. అవును, ఆ కాలపు యుద్ధ పద్యాల్లో అవి మళ్ళీ మళ్ళీ వస్తాయి. రావాలి కూడా. కాకోలం కనబడగానే వింటున్న వాళ్ళకి తెలిసిపోతుంది, ఇక ఎవరూ తిరిగి రారని. ఆ దిగులుని 'పునరుక్తి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

మావయ్యగారైతే ఆ నోట్సు మడిచి అవతల పెట్టేవారు.

మేం చెమ్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఆయన వచ్చిన వేసవి గుర్తుందా, అప్పట్లో రాశాను. అందరూ లండన్ చూపిస్తామంటే ఆయన "ఆ యుద్ధం జరిగిన చోటు పక్కనేనన్నావుగా, అది చూద్దాం" అన్నారు. నేనూ ఆయనా ఇద్దరమే వెళ్ళాం. బ్లాక్‌వాటర్ నది సముద్రంలో కలిసే చోట నార్తీ అని చిన్న లంక ఉంది. ఒడ్డు నుంచి దానికి ఒక సన్నని గట్టుదారి. పోటు వస్తే మునిగిపోతుంది, ఆటు వస్తే తేలుతుంది. మేం వెళ్ళేసరికి నీళ్ళు తీసి ఉన్నాయి, రెండు వైపులా బురద. వైకింగులు దిగింది ఆ లంక మీదే అంటారు. మా శాంతి కావాలంటే బంగారు కడియాలు పంపండి అని వాళ్ళ దూత కేకేస్తే, కప్పం కింద ఈటెలిస్తాం, తీసుకోండి అని బిర్త్‌నోత్ ఇవతలి ఒడ్డు నుంచి జవాబిచ్చాడు. ఇంగ్లీషు సైన్యానికి నాయకుడు అతనే, ఆ ఎసెక్స్ ప్రాంతాన్ని చూసే పెద్ద అధికారి, జుట్టు నెరిసినవాడు.

మావయ్యగారు స్వెట్టరు మీద శాలువా కప్పుకుని గట్టు మొదట నిలబడ్డారు. నేను ప్రింటు తీసుకెళ్ళిన పాదాలు చదివాను. నాయకుడు పడిపోయాక, గెలుపు మీద ఆశ పోయాక, బిర్త్‌వోల్డ్ అనే ముసలి యోధుడు అనే మాటలు. బలం తగ్గేకొద్దీ మనసు గట్టిపడాలి, గుండె ఇంకా తెగించాలి, పౌరుషం ఇంకా పెరగాలి అని. మొదటి పాదంలో 'హిగె, హెఆర్ద్ర, హెఒర్తె' అని హకారాలు, తర్వాతి పాదంలో 'మోద్, మారె, మ్యాగెన్' అని మకారాలు.

"మళ్ళీ చదువమ్మాయ్" అన్నారు. చదివాను. చేతికర్రతో నేల మీద తాళం వేశారు. "పాదం మధ్యలో విరుగుతోంది, విరిగిన చోట మొదటి అక్షరమే తిరిగొస్తోంది. యతి కదూ?" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. పాదంలో నాలుగు ఊనికలుంటాయనీ, మూడోదానితో మొదటిదో రెండోదో రెండూనో కలవాలనీ, నాలుగోది కలవకూడదనీ, అచ్చుకి ఏ అచ్చయినా సరిపోతుందనీ చెప్పాను. రోజూ పొద్దున్నే పద్యాలు చదువుకునే మనిషి, ఆ చివరి మాట విని "వీళ్ళ పని హాయిగా ఉందే" అని నవ్వారు. తర్వాత చాలాసేపు ఆ దారినే చూసి, "ముగ్గురు నిలబడి ఆపగలిగిన దారి. వైకింగులు దాటనివ్వమని అడిగితే బిర్త్‌నోత్ ఎందుకొదిలాడు?" అని అడిగారు. వదలకపోతే వాళ్ళు ఓడలెక్కి ఇంకో ఊరు తగలబెట్టేవారు, పోగైన సైన్యంతో అక్కడే తేల్చుకోవాలనుకున్నాడు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పిరికివాడంటారేమోనని వదిలాడు" అన్నారు.

ఇంతదాకా రాసి ఆగాను. నిజానికి మావయ్యగారి మాటా, ఆ నోట్సు మాటా ఒకటే. శత్రువుకి మరీ ఎక్కువ నేల ఇచ్చాడని కవే బిర్త్‌నోత్‌ని తప్పుపట్టాడు. మరి మావయ్యగారి మీద రాని కోపం నోట్సు మీద ఎందుకొచ్చింది? ఆయన ఆ బురద చూసి అడిగారు, అందుకేమో.

ఇంకో సంగతి సాయంత్రం నుంచీ లోపల తిరుగుతోంది. విధేయత అని రాస్తే సరిపోతుందా? లెఒవ్‌సును అనే అతను, నేను వెనకడుగు వెయ్యను, నాయకుడు లేకుండా ఇంటికి తిరిగొచ్చాడని స్టర్మర్ చుట్టుపక్కల జనం నన్ను దెప్పే అవకాశం ఇవ్వను అంటాడు. స్టర్మర్ ఎసెక్స్‌లో ఇప్పటికీ ఉన్న పల్లె. చావు ముంగిట అతనికి గుర్తొచ్చింది ఊళ్ళో నలుగురి నోళ్ళు. నాయకుడు పోయాక బతికి తిరిగొచ్చినవాడికి జీవితాంతం అపకీర్తేనని జర్మానిక్ తెగల (ఆంగ్లో-శాక్సన్ల పూర్వీకుల) గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలోనే రాశాడు. తొమ్మిది వందల ఏళ్ళు అదే భయం. అది ప్రేమో, పరువో, ఈ రాత్రి నేను తేల్చలేకపోతున్నాను.

ఆష్‌ఫెర్త్ సంగతి మరీ బాధ. అతను ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియా మనిషి, హామీగా పట్టి ఉంచిన బందీ. అయినా బిర్త్‌నోత్ మనుషులతో కలిసి ఆగకుండా బాణాలు వేస్తూనే ఉన్నాడు. డున్నెరె అనే మామూలు రైతుకి కూడా ఈటె ఊపి అరవడానికి మాట దొరికింది. ఆష్‌ఫెర్త్‌కి కవి ఒక్క మాట కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఏమనేవాడు? విధేయత అనేవాడా?

ఆ యేడే డేనులకి, అంటే ఆ వైకింగులకే, పదివేల పౌండ్ల కప్పం కట్టారని ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే పాత చరిత్ర గ్రంథం చెబుతుంది. బిర్త్‌నోత్ ఇవ్వనన్నదే చివరికి ఇచ్చారు. ఇది తలుచుకుంటే ఆ ముసలి యోధుడి మాటలు వినడం కష్టంగా ఉంది, వినకుండా ఉండటం ఇంకా కష్టంగా ఉంది.

అసలు ఈ పద్యం మనకి చేరడమే గండం గడిచి చేరింది. 1731లో పాత రాతప్రతులు దాచిన కాటన్ గ్రంథాలయం అంటుకున్నప్పుడు రాతప్రతి కాలిపోయింది. అంతకు ముందే ఎవరో ఎత్తి రాసుకోబట్టి 325 పాదాలు మిగిలాయి. మొదలూ చివరా అప్పటికే పోయాయి.

మిగిలిన ఆఖరి పాదాల్లో ఉన్నది గోడ్రిక్. అంతకుముందు ఇంకో గోడ్రిక్ ఉన్నాడు, ఒడ్డా కొడుకు. ఎన్నోసార్లు గుర్రాలిచ్చిన యజమాని నేలకొరిగితే, ఆ యజమాని గుర్రమే ఎక్కి అడవిలోకి పారిపోయాడు. ఆ గుర్రాన్ని చూసి నాయకుడే పారిపోతున్నాడనుకుని చాలామంది చెదిరిపోయారు. ఆఖర్న వచ్చేది ఆథెల్‌గార్ కొడుకు గోడ్రిక్, అందరికంటే ముందుండి ఈటెలు విసురుతూ నరుకుతూ పడిపోయినవాడు. మనకి దక్కిన చిట్టచివరి పాదంలో కవి, పారిపోయిన గోడ్రిక్ ఇతను కాదు అని ప్రత్యేకంగా చెబుతాడు. అంతమంది చచ్చిపోతున్న చోట, ఒకడి పేరు ఇంకొకడి తప్పుతో కలిసిపోకూడదని ఆగి మరీ చెప్పాడు. చిన్నది లేవగానే ఆ ఒక్క పాదం దాని చేత పైకి చదివిస్తాను, పరీక్షలో వచ్చినా రాకపోయినా.