పాప వచ్చాక పరుగు

ఒకప్పుడు నా వారమంతా ఆదివారపు దూరపు పరుగు చుట్టూ తిరిగేది. ఇప్పుడు పాప నిద్ర చుట్టూ తిరుగుతోంది. రెండు మూడు గంటలకోసారి పాలకు లేచే పసిబిడ్డ ఉన్న ఇంట్లో 42.195 కిలోమీటర్ల మారథాన్‌కు సాధన చేయడం కుదరని పని కాబట్టి, ఈ ఏడాదికి 10 కిలోమీటర్ల పోటీకే పేరు ఇచ్చాను. నిద్ర చాలకపోతే కండరాలు త్వరగా కోలుకోవు కనుక, వేగపు సాధన తగ్గించి, కపిలతీర్థం నుంచి అలిపిరి మీదుగా జూపార్కు రోడ్డు వైపు, పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగానే పరుగెత్తుతున్నాను.

తిరుపతి ఎండల్లో పొద్దెక్కితే పరుగు సాగదు. అందుకే తెల్లవారుజామున పాపను ఎవరు చూసుకోవాలో నేనూ నా భార్యా ముందురోజే తేల్చుకుంటాం. బాలింత అన్న పేరుతో ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి నేనొక్కడినే పతకాలు తెచ్చుకోవడం న్యాయం కాదు, ఆమె సాయంత్రపు నడకకూ అంతే విలువ ఉంది. "నిన్నెవురు తరుముతా ఉండారు నాయనా?" అని మా అమ్మ అడుగుతూనే పాపను ఒళ్లోకి తీసుకుంటుంది.

పాపను తోపుడుబండిలో వెంట తీసుకెళ్లాలని ఉన్నా, మెడ బాగా నిలిచి, కనీసం ఆరు నెలలు నిండేదాకా ఆ కుదుపులు మంచివి కావంటారు కనుక, ఆ ముచ్చటను ప్రస్తుతానికి వాయిదా వేశాం.