స్క్రాబుల్ పదాలు నాకు పట్టుబడిన తీరు

మిర్యాలగూడలో తెలుగు మాధ్యమంలో చదువుకున్న నాకు నలభై దాటాక స్క్రాబుల్, అంటే అక్షరాల బిళ్లలను (టైల్స్) గడుల బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు పదాలు కట్టే ఆట, నేర్పింది మా అన్న కూతురు. మొదటి సెలవుల్లోనే ఆమె క్యూ, ఐ అనే రెండు టైల్స్ పక్కపక్కన పెట్టి, క్యూ విలువను మూడింతలు చేసే గడి వల్ల 31 పాయింట్లు రాసుకుంది. అదేం మాట, దాని అర్థమేమిటని అడిగితే, "అర్థంతోని పనేంది అత్తమ్మా, లిస్టుల ఉంటే చాలు" అన్నది.

ఆట నియమం ప్రకారం ఆమె మాట నిజమే. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, పదాల పట్టికను కంఠస్థం చేసి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆటలో చెల్లే పదాలను చూపే 2019 నాటి కాలిన్స్ జాబితాలోని 127 రెండక్షరాల పదాలను నోటుపుస్తకంలోకి ఎక్కించి నెల రోజులు వల్లెవేశాను. తీరా బోర్డు ముందు కూర్చుంటే అచ్చులన్నీ కలగాపులగమయ్యాయి. ఎ-ఐ పెట్టవలసిన చోట ఐ-ఎ పెట్టాను, అది చెల్లక నా వంతు పోయింది.

ఆ రాత్రి ఎ-ఐ అంటే ఏమిటో నిఘంటువులో వెతికాను. దక్షిణ అమెరికా అడవుల్లో కొమ్మలకు వేలాడుతూ ఆకులు తినే, మూడు వేళ్ల స్లాత్ అనే జంతువు. ఆ తర్వాత ఆ రెండక్షరాలు నాకు ఎన్నడూ తారుమారు కాలేదు. అప్పటి నుంచి రోజుకు ఐదు పదాలే తీసుకొని, అర్థాన్ని, పుట్టిన దేశాన్ని రాసుకొని, మర్నాడు పొద్దున అర్థం చూసి పదం చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. క్యూ-ఐ చైనావారి ప్రాణశక్తి, పలకడం "చీ" అని. రెండు "ఎ" అక్షరాలు కలిస్తే హవాయిలో గరుకుగా గట్టిపడిన లావా. అచ్చులు లేవని నన్ను భయపెట్టిన సి-డబ్ల్యూ-ఎం వేల్స్ భాష నుంచి వచ్చిన మాట; "కూమ్" అని పలుకుతారు, కొండల నడుమ గిన్నెలాంటి లోయ అని అర్థం. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవారు దాటే వెస్టర్న్ కూమ్‌కు 1921లో బ్రిటిష్ పర్వతారోహకుడు మాలరీ పెట్టిన పేరులో ఉన్నది ఈ మాటే. అచ్చులు లేక చేతిలో హల్లులే మిగిలినప్పుడు ఇది ఎంత అక్కరకొస్తుందో ఆడేవారికి తెలుసు.

అయితే నన్ను ఈ పనికి పూర్తిగా కట్టిపడేసిన మాట బాండికూట్. సాగర్ ఎడమ కాలువ కింద మా నాన్న వరిపొలం గట్లను తొలిచేసిన పందికొక్కు పేరే ఇంగ్లీషులోకి వెళ్లి అలా మారిందని, ఆ పేరునే ఆస్ట్రేలియాలోని వేరే జాతి సంచిజంతువుకు కూడా పెట్టారని చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. పిట్టా అనే రంగురంగుల పక్షి పేరు కూడా మన "పిట్ట"యే.

మొన్న దసరా సెలవుల్లో మేనకోడలు మొదటి ఎత్తులోనే నడిగడి మీదుగా కూట్ అనే నీటిపక్షి పేరు పెట్టింది. నా చేతిలో బి, ఎ, ఎన్, డి, ఐ ఉన్నాయి. వాటిని దాని ముందు వరుసగా పేర్చగా, బి అక్షరం అంచున ఉన్న, మొత్తం పదం విలువను మూడింతలు చేసే గడి మీద పడి 48 పాయింట్లు వచ్చాయి. ఈసారి అర్థం అడిగింది ఆమె. పొలం గట్టు సంగతంతా చెప్పి, ఆమెకు కూడా ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ప్రస్తుతం ఇద్దరం మూడక్షరాల పదాల దగ్గర ఉన్నాం.